జాగ్రత్త: థీమ్ పార్కు టికెట్ కొనేముందు డబ్బు కట్టే పేజీ దాకా వెళ్ళి చూడండి

పిల్లల సెలవులకు థీమ్ పార్కు టికెట్లు తీద్దామనుకుంటున్న వాళ్ళ కోసం రాస్తున్నాను. ప్రకటనలో "ఇంత నుంచి మొదలు" అని కనబడే ధర పట్టుకుని ఇంట్లో లెక్కలు వేయకండి. బడులకు సెలవులున్న రోజుల్లో ఆ ధర దొరకడం దాదాపు అసాధ్యం.

మేం వెళ్ళిన పార్కు పేరు చెప్పను, ఎందుకంటే ఇదే పద్ధతి ఇప్పుడు చాలా పెద్ద పార్కుల్లో ఉంది. వెళ్ళింది నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. సెలవు తేదీ నొక్కగానే టికెట్ ధర ఎగబాకింది. పెద్దాడికి పదేళ్ళు నిండాయి కాబట్టి పెద్దల టికెట్టే. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఏ రైడూ ఎక్కదు, అయినా ఆమెకీ పూర్తి టికెట్టే. రైడ్లు ఎక్కనివాళ్ళకి వేరే ధర ఉందేమో అని అడిగితే లేదన్నారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆమె ఒకే బెంచీ మీద కూర్చుని, ఒళ్ళో మా సంచులు, పక్కన పిల్లల తడిబట్టలు పెట్టుకుని కాపలా కాసింది. దానికి కట్టింది ఒక మనిషి పూర్తి ప్రవేశ రుసుము. పార్కింగ్ వేరే, లాకర్ వేరే.

అన్నిటికన్నా కడుపు మండింది క్యూ దగ్గర. రైడ్ ముందు రెండు వరసలు కలిసే చోట ఒకతను నిలబడి, డబ్బు కట్టి తొందర పాస్ కొన్నవాళ్ళని గుంపులు గుంపులుగా వదిలి, తర్వాత మా వరస నుంచి కొద్దిమందిని పంపుతున్నాడు. "వాళ్ళు మన తర్వాత వచ్చారు కదా నాన్నా, ముందెలా వెళ్తున్నారు?" అని మా పాప అడిగింది. టికెట్ మీద ఇంకో టికెట్ కొన్నారమ్మా అని చెప్పాను. అంతసేపు నిలబడ్డ పిల్లకి అది సమాధానమేనా?

ఒక్క పార్కు చేసే పని కాదిది. అందరికీ తెలిసిన డిస్నీ సంగతే చూడండి. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ 1971లో తెరిచినప్పుడు పెద్దల ప్రవేశం 3.50 డాలర్లు. అప్పట్లో రైడ్లకు వేరే టికెట్లు కొనాల్సి వచ్చేది, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా ద్రవ్యోల్బణం కలిపితే ఆ 3.50 ఇప్పటి డబ్బులో 30 డాలర్లు దాటదు. 2015లో అక్కడి మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు ఒక్కరోజు టికెట్ వంద డాలర్లు దాటింది. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్ లెక్క ఇంకా కళ్ళు తెరిపిస్తుంది. అక్కడ అన్నిటికన్నా చవక ఒక్కరోజు టికెట్ 2019 నుంచి 104 డాలర్ల దగ్గరే ఉంది. అన్నిటికన్నా ఖరీదైనది 2019లో 149 డాలర్లుంటే, 2025 అక్టోబర్ పెంపుతో 224 అయింది. చవక టికెట్ ధర కదలలేదు కాబట్టి "మేం పెంచలేదు" అనడానికి వీలుంది. పిల్లలకి బడి లేని రోజునే వెళ్ళగలిగే కుటుంబం మీద మాత్రం మొత్తం భారం పడుతుంది.

క్యూ సంగతీ అంతే. పొడుగు క్యూలో నిలబడకుండా రైడ్ ఎక్కనిచ్చే ఫాస్ట్‌పాస్ డిస్నీలో 1999లో మొదలైంది, అప్పుడది ప్రవేశ టికెట్‌తో పాటు ఉచితం. 2021లో దాన్ని తీసేసి డబ్బు కట్టే పద్ధతి పెట్టారు. 2024 చివర్లో వచ్చిన ప్రీమియర్ పాస్ అనే ఖరీదైన తొందర పాస్ అయితే ఫ్లోరిడాలో రద్దీ రోజుల్లో మనిషికి 449 డాలర్ల దాకా, అది కూడా ప్రవేశ టికెట్ కాకుండా. అప్పులు పోల్చి చూపే అమెరికా వెబ్‌సైట్ లెండింగ్‌ట్రీ 2024 సర్వేలో, డిస్నీకి వెళ్ళిన వాళ్ళలో 18 ఏళ్ళ లోపు పిల్లలున్న తల్లిదండ్రులు 45 శాతం మంది అందుకోసం అప్పు చేశామన్నారు. పిల్లల కోసం కట్టామని చెప్పుకునే చోటికి పిల్లలున్నవాళ్ళే అప్పు చేసి వెళ్ళాల్సి రావడం అన్యాయం. ఆ మాట పార్కుల వాళ్ళకి ఉత్తరం రాసి చెప్పాను, మీరూ రాయండి.

కొనేవాళ్ళు చేయాల్సింది ఏంటంటే, పిల్లలకి మాట ఇవ్వకముందే మీరు వెళ్ళే తేదీకి, వెళ్ళే అందరినీ కలిపి, డబ్బు కట్టే పేజీ వరకు వెళ్ళండి. పార్కింగ్, లాకర్ ఎంతో విడిగా చూసి కలపండి. పిల్లల టికెట్ కొన్నిచోట్ల వయసును బట్టి, కొన్నిచోట్ల ఎత్తును బట్టి ఉంటుంది. డిస్నీ అమెరికా పార్కుల్లో మూడేళ్ళ లోపు ఉచితం, పదేళ్ళు వస్తే పెద్దల టికెట్. ఎత్తు చాలని రైడ్ల జాబితా కూడా ముందే చూసుకోండి, లేకపోతే పూర్తి డబ్బు కట్టిన పిల్లాడు కొలకర్ర దగ్గర నుంచి ఏడుస్తూ వెనక్కి వస్తాడు. బయటి తిండి, నీళ్ళ సీసా రానిస్తారో లేదో కనుక్కోండి. డిస్నీలో రానిస్తారు, చాలా పార్కుల్లో గేటు దగ్గరే పారేయిస్తారు.

ఇంకొకటి. సగం వాడిన మల్టీ డే టికెట్లు, "మాకు ఇంకా రెండు రోజులు మిగిలాయి" అంటూ ఆన్‌లైన్లో చవగ్గా అమ్ముతుంటారు. వాటి జోలికి పోకండి. గేటు దగ్గర వేలిముద్రో ఫోటోనో సరిపోల్చి ఆపేస్తారు. పేరు మార్చకూడని అలాంటి టికెట్‌ని తిరిగి అమ్మడం ఫ్లోరిడాలో చట్టప్రకారం నేరం కూడా. మీకు అమ్మినవాడు ఆ పాటికి ఫోన్ ఎత్తడు.