పుస్తెలతాడు, మేలిమి ఉంగరం, రవ్వల ఉంగరం: ఏళ్లుగా వాడాక నా అభిప్రాయం

మేలిమి బంగారంతోనే నగ చేయించుకోవాలా అని అడిగేవారికి నేను చెప్పేది ఒక్కటే. 24 క్యారెట్లు కావాలనుకుంటే బిళ్లగా కొని దాచుకోండి, ఒంటిమీదికి మాత్రం 22, రాళ్ల నగకైతే 18 తీసుకోండి. మూడు రకాలూ వాడి చూశాకే ఈ మాట అంటున్నాను.

మా నాయనమ్మ ఇచ్చిన 24 క్యారెట్ల ఉంగరం రంగు చూస్తే ఇప్పటికీ చూపు తిప్పుకోలేను. చెమటకూ సబ్బుకూ ఇసుమంత కూడా నల్లబడలేదు. కానీ నీళ్ల బిందె ఎత్తితే చాలు, వంకర తిరిగేది. మీద చెక్కిన పువ్వు రేకులు అరిగి నున్నబడ్డాయి. స్వచ్ఛమైన బంగారం అంత మెత్తన, రాయిని గట్టిగా పట్టి ఉంచలేదు. ఆ ఉంగరం ఇప్పుడు బీరువాలో ఉంది, అక్కడే ఉండాలి.

రోజూ మెడలో ఉండే పుస్తెలతాడు 22 క్యారెట్లది. 916 అన్నా అదే. 10 గ్రాముల్లో 9.16 గ్రాములు బంగారం, మిగిలింది రాగి, వెండి లాంటివి. ఆ కాస్త కలపడంతోనే ఎంత బలం వచ్చిందో! వేసవిలో రాగి వల్ల కొంచెం మసకబారుతుంది. కుంకుడు రసంలో నానబెట్టి మెత్తని బ్రష్‌తో రుద్దితే మళ్లీ మెరుస్తుంది. అరుగుదల మాత్రం తప్పదు. సూత్రాలు వేలాడే చోట, కొక్కెం దగ్గర గొలుసు కళ్లు ఒకదానికొకటి రాసుకుని సన్నబడతాయి. అప్పుడప్పుడూ కంసాలికి చూపించండి, తెగిపోయాక వెతుక్కోవడం కంటే అది మేలు.

రవ్వల ఉంగరం 18 క్యారెట్లది, అంటే 75 శాతం బంగారం. రంగు కాస్త పాలిపోయినట్టు ఉంటుంది, మా అత్తగారికి అది నచ్చదు. కానీ ఇన్నేళ్లలో ఒక్క రవ్వ కూడా ఊడలేదు. రాళ్ల నగకు ఇదే సరైనది. అమ్మేటప్పుడు ఆ 75 శాతానికే విలువ కడతారని గుర్తుంచుకుంటే చాలు.

అత్తగారి పాత కాసులపేరు మార్చబోతే దుకాణంలో 22 క్యారెట్ల లెక్క కట్టలేదు. కరిగించి చూస్తే నిజంగానే తక్కువ తేలింది. కారణం అతుకులు. పూర్వం అతుకు వేసే టంకానికి రాగి, వెండి ఎక్కువ కలిపిన బంగారం వాడేవారు, అతుకులు ఎక్కువున్న నగను కరిగిస్తే నాణ్యత పడిపోతుంది. తర్వాత కాడ్మియం టంకం వచ్చింది, అదే కేడీఎం. దానితో నాణ్యత నిలిచింది గానీ, ఆ పొగ పీల్చిన పనివాళ్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. అందుకే నాణ్యతా ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ దాన్ని వద్దంది. ఇంకా కేడీఎం అని గొప్పగా చెప్పుకునే దుకాణం కనిపిస్తే నాకు కోపం వస్తుంది.

ఇప్పుడు కొనేవారికి పని సులువు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ (బీఐఎస్ నాణ్యత ముద్ర) నగ మీద అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల గుర్తింపు కోడ్, అంటే హెచ్‌యూఐడీ, ఉండి తీరాలి. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ నగ నాణ్యత కనిపిస్తుంది. కొట్టులోనే, డబ్బు కట్టకముందే చూడండి. 2 గ్రాముల లోపు నగలకు, కుందన్ పనికి మినహాయింపు ఉంది కాబట్టి ముక్కుపుడక మీద గుర్తు లేదని కంగారు పడక్కర్లేదు. అలాంటివి తెలిసిన కంసాలి దగ్గరే తీసుకుంటాను.

ఇక బిల్లు. రాళ్ల బరువు తీసేసిన నికర బరువు, క్యారెట్లు, తరుగు, మజూరీ విడివిడిగా రాయమని అడగండి. రాళ్లను కూడా బంగారం ధరకే తూచే చోట నేను కొనను.