అలంపూర్ పాత ఇళ్ల మరమ్మతుకు ఎన్‌ఎంఏ అనుమతి: ఐదుకు మూడు స్టార్లు

అలంపూర్ కోటలో మిద్దె కారుతున్నా సరే, మేస్త్రీ కంటే ముందు ఢిల్లీని, అంటే అక్కడి ఎన్‌ఎంఏను (జాతీయ స్మారక కట్టడాల ప్రాధికార సంస్థ) అడగాలి. నవబ్రహ్మ ఆలయాలు కేంద్ర రక్షిత కట్టడాలు. పురాతన కట్టడాల రక్షణ చట్టానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం వాటి చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆ తర్వాత 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషిద్ధ ప్రాంతంలో కొత్త ఇల్లు, పై అంతస్తు మాట మరిచిపోవాలి. అక్కడ దొరికేది మరమ్మతు అనుమతి ఒక్కటే. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం, పిల్లలమర్రి గుళ్లు రాష్ట్ర పురావస్తు శాఖ కిందివి, ఈ దారి వాటికి కాదు.

దూరం గుడి గోడ నుంచి కొలిస్తే తప్పు. రక్షిత హద్దు నుంచి కొలవాలి. ఫారంలో లెక్కలన్నీ మీటర్లలోనే. మన డ్రాఫ్ట్స్‌మన్ అడుగులు, గజాల్లో గీసిస్తాడు కాబట్టి మార్పించుకోవాలి.

దెబ్బ తినేది ఎక్కువగా ఎత్తు దగ్గరే. శ్లాబు దాకా 11 అడుగులు ఉంటే 3.35 మీటర్లని రాసేస్తారు. కానీ అనుమతిలో ఎత్తంటే పిట్టగోడ, మెట్ల గది, నీళ్ల ట్యాంకు అన్నీ కలిపి. శ్లాబు మీద స్టాండుతో సహా ట్యాంకు 7 అడుగులు లేస్తే మొత్తం 18 అడుగులు, అంటే 5.49 మీటర్లు. తక్కువ రాసి తర్వాత ట్యాంకు ఎక్కిస్తే అది షరతు ఉల్లంఘనే. రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

మరమ్మతంటే ఉన్న కట్టడంలో మార్పు మాత్రమే. మట్టి గోడలు కూల్చి అదే కొలతలతో లేపినా చట్టం దాన్ని పునర్నిర్మాణం అంటుంది, నిషిద్ధ ప్రాంతంలో అది కుదరదు. కుళ్లిన దూలాలు, వాసాలు తీసి కప్పు మార్చేటప్పుడు ఏ గోడ ఉంటుందో, ఏది ఎంత విప్పుతారో ప్లాన్‌లో విడిగా చూపించండి. ‘రిపేర్’ అని ఒక్క ముక్క రాస్తే ప్రశ్నలు తిరిగొస్తాయి. విచిత్రం ఏమిటంటే, పబ్లిక్ మరుగుదొడ్డిని ‘నిర్మాణం’ నిర్వచనం నుంచి తప్పించిన చట్టం, మీ పెరట్లో బాత్‌రూమ్‌కు ఆ వెసులుబాటు ఇవ్వలేదు.

స్టార్లు తగ్గించింది రుజువు దగ్గర. ఇల్లు 1992 జూన్ 16కు ముందే ఉందని చూపాలి. పాత పంచాయతీ ఇంటి పన్ను రసీదు, రిజిస్టర్డ్ దస్తావేజు, పాత కరెంటు బిల్లు ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదు. నోటిమాట మీద అన్నదమ్ములు పంచుకున్న ఇళ్లకు కాగితం ఎక్కణ్నుంచి వస్తుంది? తాత పేరున రసీదు దొరికితే, వారసత్వ కాగితం జోడించి పెట్టండి.

గడువు మాత్రం చట్టంలోనే ఉంది: ఫైలు పైకి పంపడానికి కాంపిటెంట్ అథారిటీకి (దరఖాస్తు తీసుకుని, చివరికి ఉత్తర్వు ఇచ్చే అధికారి) 15 రోజులు, సిఫారసుకు ఎన్‌ఎంఏకు రెండు నెలలు, ఆ పైన తుది ఉత్తర్వుకు ఒక నెల. మొత్తం మూడున్నర నెలలు. తొలకరికి ముందే కప్పు పడాలంటే సంక్రాంతి దాటకుండా దరఖాస్తు పెట్టాలి. ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) చేతికొచ్చినా ఇటుకలు దింపకండి, స్థానిక సంస్థ అనుమతి వేరే తీసుకోవాలి.