గూగుల్ ఎర్త్ ఇంజిన్‌తో దోమల అంచనా: కె.సి. (కర్నూలు-కడప) కాలువ మళ్లకు భేష్, కర్నూలు డ్రమ్ములకు దండగ

గూగుల్ ఎర్త్ ఇంజిన్ అంటే ఉపగ్రహ బొమ్మల మీద లెక్క కట్టే గూగుల్ సాధనం. పరిశోధనకైతే ఉచితం, వ్యాపారానికైతే డబ్బు కట్టాలి. బొమ్మలేవీ దించుకోనక్కర్లేదు, బ్రౌజర్‌లో రాస్తే చాలు, లెక్కంతా గూగుల్ సర్వర్లలోనే జరుగుతుంది. మెదడువాపు దోమల మీద పని చేసేవాళ్లు తప్పక నేర్చుకోవాలి.

ఆ జబ్బును మోసే క్యూలెక్స్ ట్రైటేనియోరింకస్ వరిమళ్లలో గుడ్లు పెడుతుంది. నాట్లయిన తొలి వారాల్లో, పైరు ఇంకా కమ్ముకోక ఎండ తగిలే నీళ్లలో లార్వా జాస్తి. యూరియా చల్లితే ఇంకా పెరుగుతుంది, పైరు నీడ పడ్డాక తగ్గుతుంది. కాబట్టి ఏ మడికి ఎప్పుడు నీళ్లు కట్టారో తెలిస్తే సగం పని అయినట్టే. వానాకాలంలో సెంటినెల్-2 (మామూలు వెలుతురులో ఫొటో తీసే ఉపగ్రహం) తెరిస్తే చాలాసార్లు మబ్బులే కనిపిస్తాయి. అప్పుడు సెంటినెల్-1 ఉపగ్రహపు రాడార్ వాడాలి, దానికి మబ్బు అడ్డం రాదు. బురద దున్ని నీళ్లు నిలిపిన మడి వీహెచ్ బ్యాండ్‌లో (రాడార్ తరంగాన్ని నిలువుగా పంపి అడ్డంగా అందుకున్న బొమ్మలో) నల్లగా పడుతుంది, పైరు లేచేకొద్దీ తెల్లబడుతుంది. చెరువు ఎప్పుడూ నల్లగానే ఉంటుంది గనుక ఒక్క బొమ్మతో తేల్చకూడదు, వరసగా నాలుగైదు చూడాలి.

వేడికి మోడిస్ అనే ఉపగ్రహ పరికరం ఉంది, బొమ్మలో ఒక్కో గడి 1 కి.మీ. వచ్చిన అంకెను 0.02తో గుణించి 273.15 తీసేయాలి: 15,300 అంటే 32.85 డిగ్రీలు. అది నేల వేడి, గాలి వేడి కాదు. పగలు నల్లరేగడి బాగా కాగుతుంది, అందుకే రాత్రి లెక్క నయం. వానకు ఐమెర్గ్ (ఉపగ్రహాల వాన లెక్క) గడి సుమారు 11 కి.మీ., ఊరి స్థాయికి చాలదు.

ఎక్కువమంది దెబ్బతినేది స్కేల్ దగ్గర. చాలా బొమ్మల మీడియన్ (మధ్య విలువ) తీశాక స్కేల్, అంటే ఎంత గడితో లెక్క కట్టాలో, రాయకపోతే ఎర్త్ ఇంజిన్ ఒక డిగ్రీ, అంటే 111 కి.మీ. గడితో లెక్క కడుతుంది. ఎర్రర్ రాకపోవచ్చు, అంకె మాత్రం తప్పు. హద్దులూ చూసుకోవాలి. ఎర్త్ ఇంజిన్‌లో దొరికే గాల్ 2015 అనే జిల్లా హద్దుల పటంలో 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లా ఉండదు, సొంత షేప్‌ఫైల్ (హద్దుల ఫైలు) ఎక్కించుకోవాలి.

ఇక కర్నూలు టౌనులో డెంగీకి దీన్ని నమ్మొద్దు. ఈడిస్ ఈజిప్టై పుట్టేది సిమెంటు తొట్టిలో, డ్రమ్ములో, కూలర్ అడుగున. సెంటినెల్ 10 మీటర్ల గడిలో ఒక చిన్న ఇల్లు మొత్తం పడిపోతుంది. పైగా కుళాయి నీళ్లు రోజూ రాని వీధుల్లో జనం ఎండాకాలమంతా నీళ్లు పట్టి పెట్టుకుంటారు. వాన మీద కట్టిన మోడల్ అప్పుడు దోమలు లేవంటుంది. శుక్రవారం డ్రై డే నాడు మూత తీసి టార్చి వేసి చూడటమే దారి.

మళ్ల దగ్గరా ఉపగ్రహం చూసేది నీళ్లనే, దోమను కాదు. వారం వారం లార్వా లెక్క తెచ్చి, ఒకటి నుంచి నాలుగు వారాల ముందటి నీళ్ల లెక్కల్లో ఏది దానితో కలుస్తుందో చూడాలి. 350 మిల్లీలీటర్ల డిప్పర్‌ను (పిడి ఉన్న గిన్నెను) గట్టు వారన ముంచండి. మీ నీడ నీళ్ల మీద పడితే లార్వా కిందికి పోతుంది. రెండు మూడు నిమిషాలు కదలకుండా ఆగి మళ్లీ ముంచండి.