మామోగ్రామ్ కోసం రాయగడ నుంచి విశాఖకు: సెంటర్, రైలు, బస

ఎడమ రొమ్ములో పైభాగాన చేతికి గట్టిగా ఒక గడ్డ తగిలింది. నొప్పి లేదు. రాయగడలో మా డాక్టరమ్మ చేత్తో పరీక్షించి, డయాగ్నస్టిక్ మామోగ్రామ్ అని చీటీ రాశారు, అంటే గడ్డలాంటి లక్షణం ఉన్నప్పుడు రొమ్ముకు తీసే ఎక్స్‌రే. ఏ వైపో, గడియారంలో అంకెల లెక్కన గడ్డ ఎక్కడుందో కూడా అందులో రాసి, ‘మామోగ్రామూ, రొమ్ము స్కానింగూ (అల్ట్రాసౌండ్) ఒకే పూటలో, ఒకే చోట చేసే సెంటర్‌కి వెళ్లండి’ అన్నారు. మా ప్రయాణం మొత్తానికి ఆ మాటే దారి చూపించింది. రాయగడ, గుణుపురం, కోరాపుట్, జయపురం వైపు నుంచి ఇదే పని మీద బయల్దేరే ఆడవాళ్లకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

మొదట ఇంట్లో బరంపురమా, విశాఖా అన్న చర్చ నడిచింది. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, మన ఒడిశా రాష్ట్రమే, కాగితాల పని తేలిక. కానీ రాయగడ నుంచి రైల్లో బరంపురం వెళ్లాలంటే ముందు విజయనగరం దాకా దిగి, అక్కణ్ణుంచి శ్రీకాకుళం, పలాస మీదుగా పైకి పోవాలి. హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ కూడా అలా చుట్టు తిరిగే వెళ్తుంది. గుణుపురం మీదుగా రోడ్డున్నా ఘాట్ దారి. విశాఖ అయితే పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా నేరుగా రెండొందల కిలోమీటర్లు. పైగా అక్కడ మనకు చెప్పేదీ, మనం అడిగేదీ తెలుగులోనే. నాకు ఒడియా బాగానే వచ్చు. అయినా రొమ్ము గురించి, నెలసరి గురించి, ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా అని అడుగుతుంటే సొంత భాషలో జవాబు చెప్పుకోవడం వేరు. గుణుపురం, పర్లాకిమిడి వాళ్ల లెక్క వేరుగా ఉండొచ్చు. రాయగడ వాళ్లకు మాత్రం విశాఖే అని నా అభిప్రాయం.

సెంటర్ల సంగతికొస్తే, వెళ్లకముందే ఫోన్లు చేయడం చాలా మంచిదైంది. పేరున్న ఒకచోట మామోగ్రామ్ తీస్తామన్నారు. ఫిల్ములు చూసి రిపోర్టు రాసే డాక్టరు, అంటే రేడియాలజిస్ట్ ఉంటారా అంటే, ఫిల్ములు పంపిస్తాం, రిపోర్టు మర్నాడు వస్తుంది, ఇంకో కోణంలో తీయాలంటే మళ్లీ పిలుస్తాం అన్నారు. ఊళ్లోవాళ్లకది పెద్ద ఇబ్బంది కాదు. రాయగడ నుంచి వచ్చినవాళ్లకు మళ్లీ పిలవడమంటే ఇంకో ప్రయాణం, ఇంకో రాత్రి బస, ఇంకో రోజు టెన్షన్. మహారాణిపేట వైపు ఇంకోచోట, పొద్దుట వస్తే డాక్టరుగారు ఉంటారు, చూసి అవసరమైతే స్కానింగ్ కూడా ఆయనే చేస్తారు అన్నారు. డబ్బు కాస్త ఎక్కువ. అయినా అదే ఎంచుకున్నాం. ఎవరైనా ఫోన్ చేస్తే ముందు అడగాల్సింది రేటు కాదు, ఆ పూట రేడియాలజిస్ట్ అక్కడుంటారా లేదా అని.

నెలసరి వచ్చే వాళ్లయితే, అది అయిపోయిన వారంలో అపాయింట్‌మెంట్ తీసుకుంటే రొమ్ము సలపరం తక్కువ, నొప్పీ తక్కువ. కొత్త గడ్డ ఉన్నప్పుడు మాత్రం దానికోసం వాయిదా వేయకండి. ఇంకో మాట. విశాఖ ఉక్కకు స్నానం చేయగానే చంకల్లో పౌడరో, స్ప్రేనో కొట్టుకునే అలవాటు మనకుంటుంది. ఆ పొద్దుట వద్దు. వాటిలోని కొన్ని పదార్థాలు ఫిల్ములో తెల్లటి చుక్కల్లా పడి, రొమ్ములోని కాల్షియం చుక్కలేమో అన్న అనుమానం తెస్తాయి, అవి కొన్నిసార్లు క్యాన్సర్‌కి గుర్తు కావచ్చు. చీర, జాకెట్టు హాయి, పైవరకే తీస్తే చాలు. పుస్తెలతాడు తీయమంటారు. నేను తీసి వదిన చేతికిచ్చాను. ఆ నిమిషం మనసు అదోలా అయింది. అందుకే మనవాళ్లు ఒకరు తోడు ఉండాలంటాను.

లోపల మెషిన్ దగ్గర ఉన్నది ఆడ టెక్నీషియనే. గడ్డ ఉన్నచోట చర్మం మీద చిన్న గుర్తు అంటించింది, ఫిల్ములో ఆ చోటు తెలియడానికి. పై నుంచి ఒకటి, ఏటవాలుగా ఒకటి తీసింది. ఆ తర్వాత గడ్డ ఉన్న చోటునే చిన్న పలకతో నొక్కి ఇంకొకటి. మామూలుగా ఏ లక్షణం లేనివాళ్లకు తీసే స్క్రీనింగ్‌లో ఈ చివరిది ఉండదు. పోల్చి చూడాలని కుడివైపు కూడా తీశారు. రెండు పలకల మధ్య రొమ్మును నొక్కి పట్టడం నొప్పే, కాదనను. కానీ కొన్ని సెకన్లే. ‘గట్టిగా నొక్కితే లోపలి కణజాలం పరుచుకుని స్పష్టంగా కనిపిస్తుందమ్మా, రేడియేషనూ తక్కువ సరిపోతుంది, ఊపిరి బిగబట్టండి’ అని ఆ అమ్మాయి ప్రతిసారీ ముందే చెప్పింది. అలా చెప్పి చేస్తే ఓర్చుకోగలం. అక్కడ నాకు బాగా నచ్చింది ఆమె పనితనం.

రేడియాలజిస్ట్ ఫిల్ములు చూసి వెంటనే స్కానింగ్‌కి పిలిచారు. నా రొమ్ము కణజాలం దట్టంగా ఉందట. మామోగ్రామ్‌లో అదీ తెల్లగానే పడుతుంది, గడ్డా తెల్లగానే పడుతుంది, అందుకే అల్ట్రాసౌండ్ తోడు కావాలన్నారు. రిపోర్టులో బైరాడ్స్ 3 అని వచ్చింది. రొమ్ము పరీక్షలో అనుమానం ఎంతో అంకెల్లో చెప్పే పద్ధతి అది. అంటే దాదాపు ఖాయంగా మామూలు గడ్డే, క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండుకు మించదు, ఆరు నెలల తర్వాత మళ్లీ చూడాలి. 4 గానీ 5 గానీ వస్తే సూదితో ముక్క తీసి పరీక్ష చేస్తారు. 0 వస్తే భయపడక్కర్లేదు, చూసింది సరిపోలేదు, ఇంకో పరీక్ష కావాలని మాత్రమే. ఇదంతా ఆయన కూర్చోబెట్టి చెప్పారు. వదిన అడిగిన ప్రశ్నలకూ విసుక్కోలేదు.

బస విషయంలో ఒకటి బాగుంది, ఒకటి బాగోలేదు. దుర్గ్ నుంచి వచ్చే వందే భారత్ మధ్యాహ్నానికి విశాఖ చేరుస్తుంది, కాబట్టి పొద్దుటి అపాయింట్‌మెంట్‌కి ముందురోజే దిగాలి. స్టేషన్ దగ్గర లాడ్జిలో గది చవకే. కానీ రాత్రంతా తలుపుల చప్పుడు, బాత్రూమ్‌లో నీళ్లు సన్నగా వచ్చాయి. అసలే నిద్ర పట్టని రాత్రి. పరీక్ష అయ్యాక జగదాంబ దగ్గర ఇంకో హోటల్‌కి మారాం, అది శుభ్రంగా ఉంది, సెంటర్‌కి ఆటోలో దగ్గర. మొదటే అక్కడ దిగితే బాగుండేదని వదిన అంది. నాదీ అదే మాట. తిరుగు వందే భారత్ మధ్యాహ్నమే కదిలిపోతుంది, రిపోర్టు ఆలస్యమైతే అందదు. ఆ రాత్రి కూడా ఉండేలా వెళ్తే గుమ్మం దగ్గర నిలబడి రిపోర్టు కోసం తొందరపడక్కర్లేదు.

ఖర్చు భరించలేని వాళ్లకు విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ ఉంది. మా వైపు నుంచి ఎందరో అక్కడికే వెళ్తారు, ఓపీ కోసం తెల్లారేసరికే చేరుకోవాలి. అనుమానం గట్టిదైతే అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. గాజువాక దాటి వెళ్లాలి, కాబట్టి బస కూడా అటువైపే చూసుకోండి.

ఆరు నెలల పరీక్షకు నేను మళ్లీ అదే సెంటర్‌కి వెళ్తాను. గడ్డ పెరిగిందా లేదా తేల్చేది పాత ఫిల్ముతో పోలికే. ఫిల్ములు మడత పడకుండా పెద్ద కవర్లో, బీరువాలో బట్టల కింద పెట్టాం. సీడీ కూడా అడిగి తీసుకున్నాం. డాక్టరమ్మకు చూపించి, తారీఖు వేయించుకున్నాను.