శుక్లం ఆపరేషన్: ఏ పద్ధతి, ఏ లెన్స్ మేలు?

అమ్మ చీరలకు ఫాల్ కుడుతుంది. పోయిన ఏడాది సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటి పిల్లను పిలవడం మొదలుపెట్టింది. అద్దాలు మార్చినా తేడా లేదు. పరీక్ష చేయిస్తే రెండు కళ్లలోనూ శుక్లాలన్నారు. ఆపరేషన్‌కు అమ్మ భయపడలేదు. కానీ ఆసుపత్రిలో మా చేతికిచ్చిన ప్యాకేజీల కాగితం చూశాక ఇద్దరికీ టెన్షన్ పట్టుకుంది. ఒక్కో లెన్స్‌కు ఒక్కో రేటు, కింది రేటుకూ పై రేటుకూ పొంతనే లేదు. ఖరీదైనది వద్దంటే అమ్మ కంటి దగ్గర పిసినారితనం చేసినట్టవుతుందేమోనని నాకు బెంగ. తర్వాత ఇద్దరు ముగ్గురు డాక్టర్లను అడిగి తెలుసుకున్న సంగతులు ఇవి.

కంటికి పొర వచ్చిందంటాం గానీ శుక్లం పొర కాదు. కనుపాప వెనక పుట్టుకతోనే ఉండే లెన్స్ మసకబారడమే శుక్లం. వేడికి గుడ్డులోని తెల్లసొన తెల్లబడినట్టు లెన్స్‌లోని ప్రోటీన్ మారిపోతుంది. చుక్కల మందులతో అది కరగదు. ఆ లెన్స్ తీసి వేరేది పెట్టడం ఒక్కటే మార్గం.

మరి ముదిరేదాకా ఆగాలా? అద్దాలు పెట్టినా రోజువారీ పని సాగకపోతే అదే ఆపరేషన్‌కు సమయం. ముదరాలనే మాట పాత రోజులది. అప్పట్లో లెన్స్‌ను మొత్తంగా తీసేసి సోడాబుడ్డి అద్దాలు ఇచ్చేవారు. మా పెదనాన్న ఆ మాటే పట్టుకుని నాలుగేళ్లు ఆగారు. ఈలోగా ఆయన శుక్లం గట్టిపడి గోధుమ రంగుకు తిరిగింది, ఆపరేషన్ కష్టమైంది.

ఇప్పుడు ఎక్కువగా చేసేవి రెండు పద్ధతులు. ఫేకోలో రెండు మూడు మిల్లీమీటర్ల కోత పెట్టి, అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చేస్తారు. మడత లెన్స్‌ను ఆ సందులోంచే లోపలికి పంపుతారు. దీన్నే చాలామంది లేజర్ ఆపరేషన్ అనుకుంటారు, నిజానికి ఇందులో లేజర్ లేదు. రెండోది ఎస్‌ఐసీఎస్. ఇందులో ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు కోత పెట్టి శుక్లాన్ని ముక్కలు చేయకుండా బయటికి తీస్తారు. మామూలుగా దీనికీ కుట్లు అక్కర్లేదు. ఖరీదైన యంత్రం కూడా అక్కర్లేదు కాబట్టి ఖర్చు బాగా తగ్గుతుంది.

ఫేకోతో కన్ను త్వరగా కుదుటపడుతుంది, కొత్తగా సిలిండర్ పవర్ (కంటి ముందు భాగం వంపు సమంగా లేక వచ్చే పవర్) వచ్చే అవకాశం తక్కువ. అలాగని ఎస్‌ఐసీఎస్‌ను పేదవాళ్లకిచ్చే రెండో రకం వైద్యం అనుకోకూడదు. నేపాల్‌లో 108 మందిపై రెండు పద్ధతులనూ పోల్చిన అధ్యయనం 2007లో వచ్చింది. రెండింటిలోనూ చూపు బాగా వచ్చింది, ఎస్‌ఐసీఎస్ తక్కువ సమయంలో, తక్కువ ఖర్చులో అయిపోయింది. రాయిలా గట్టిపడిన శుక్లానికి చాలామంది సర్జన్లు దాన్నే ఎంచుకుంటారు. పెదనాన్నకు చేసింది అదే, ఆయన ఇప్పుడు పేపరు చదువుతున్నారు. శుక్లం మెత్తగా ఉండి, డబ్బుకు ఇబ్బంది లేకపోతే ఫేకో. లేదంటే మంచి చేయి ఉన్న సర్జన్ దగ్గర ఎస్‌ఐసీఎస్‌కు నిశ్చింతగా వెళ్లవచ్చు.

ఇక నిజంగా లేజర్ వాడే ఫెమ్టో పద్ధతి. ఇందులో కోతలాంటి కొన్ని దశలను లేజర్ చేస్తుంది, మిగతాది ఫేకోనే. ఫ్రాన్స్‌లో ఐదు ఆసుపత్రుల్లో చేసిన పెద్ద అధ్యయనం 2020లో వెలువడింది. మామూలు ఫేకో కన్నా ఇది మెరుగని అందులో తేలలేదు. అందుకే దీనికోసం అప్పు చేయవద్దంటాను.

అసలు చిక్కు లెన్స్ దగ్గర. మోనోఫోకల్ లెన్స్ ఒకే దూరానికి పనిచేస్తుంది. ఎక్కువమందికి దూరపు చూపుకు పెడతారు, చదవడానికి అద్దాలు కావాలి. మల్టీఫోకల్ దూరం, దగ్గర రెండూ చూపిస్తుంది, అద్దాల అవసరం తగ్గుతుంది. కానీ అది వెలుగును దూరానికీ దగ్గరకూ పంచే లెన్స్. రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపించవచ్చు, మసక వెలుతురులో వస్తువులు కాస్త పలచబడినట్టు అనిపించవచ్చు. రాత్రిళ్లు బండి నడిపేవాళ్లు ఇది బాగా ఆలోచించాలి. షుగర్ వల్ల రెటీనా (కంటి వెనక తెర) దెబ్బతిన్నవాళ్లకు, గ్లకోమా (నీటికాసులు) ముదిరినవాళ్లకు సాధారణంగా దీన్ని పెట్టరు. ఎడాఫ్ లెన్స్ ఈ రెంటికీ మధ్యస్థం. దూరం, కంప్యూటర్ దూరం బాగుంటాయి, సన్న అక్షరాలకు అద్దాలు కావాల్సి రావచ్చు. సిలిండర్ పవర్ ఎక్కువగా ఉన్నవాళ్లకు టోరిక్ లెన్స్. నా లెక్కలో అదనంగా పెట్టిన డబ్బుకు కచ్చితంగా ఫలితమిచ్చేది ఇదొక్కటే.

అమ్మకు షుగర్ ఉంది, రెటీనాలో చిన్న మార్పులు మొదలయ్యాయి. కుట్టుపనికి ఆమె నలభయ్యో ఏటి నుంచే అద్దాలు వాడుతోంది. అందుకే ఫేకో, మోనోఫోకల్ తీసుకున్నాం. అద్దాలంటే గిట్టని, రెటీనా బాగున్న మనిషైతే నేనూ మల్టీఫోకల్ గురించి అడిగేదాన్ని. ముందు డాక్టర్‌కు మీ రోజంతా ఎలా గడుస్తుందో చెప్పండి, రేటు తర్వాత మాట్లాడండి.

డబ్బు లేదని ఆగిపోకండి. హైదరాబాద్‌లో సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ప్రభుత్వానిది. ఎల్వీ ప్రసాద్‌లో డబ్బు పెట్టుకోలేనివాళ్లకు ఉచితంగా చేస్తారు.

వెళ్లేముందు వాడుతున్న మందులన్నీ చెప్పాలి. రక్తం పలచబడే మాత్రలను సొంతంగా ఆపకూడదు. ప్రోస్టేట్ కోసం టామ్సులోసిన్ వాడే మగవాళ్లు ఆ మాట తప్పకుండా చెప్పాలి. ఆ మందుతో కనుపాప సరిగా విచ్చుకోదు, సర్జన్‌కు ముందే తెలిస్తే జాగ్రత్త పడతారు.

నెలలో, ఏళ్లో గడిచాక మళ్లీ మసకేస్తే కంగారు పడకండి. అది శుక్లం తిరిగి రావడం కాదు. లెన్స్ వెనకున్న సంచి మసకబారితే యాగ్ లేజర్‌తో కొన్ని నిమిషాల్లో సరిచేస్తారు. కానీ ఆపరేషన్ అయిన కొత్తలో నొప్పి, ఎరుపు పెరిగినా, చూపు తగ్గినా తెల్లారేదాకా ఆగవద్దు. అది కంటి లోపల ఇన్ఫెక్షన్ కావచ్చు. అర్ధరాత్రయినా ఆపరేషన్ చేసిన చోటికి ఫోన్ చేసి వెళ్లిపోవాలి.