చీమకుర్తి దుమ్ము, కొత్తపట్నం ఉప్పుగాలి: ఎయిర్ ఫోర్కు వాడి చూశాక

సైకిల్ ముందు చక్రాన్ని పట్టి గతుకులు మింగే ఫోర్కును స్ప్రింగు రకం నుంచి గాలి రకానికి మార్చినందుకు దక్కిన అసలు సుఖం గాలిదే. మన బరువుకు తగ్గట్టు కొట్టుకోవచ్చు. అరకిలో దాకా తూకం తగ్గడం, లాకౌట్ (ఫోర్కు కదలకుండా బిగించే వీలు), నల్లటి నిగనిగ, అన్నీ దాని తర్వాతే. సైకిల్‌తో వచ్చిన స్ప్రింగు ఫోర్కులో ఆ వీలు లేదు. పైన ప్రీలోడ్ మర ఎంత బిగించినా స్ప్రింగు మొదట్లో ఎంత నొక్కుకుని కూర్చోవాలో మారుతుందే గానీ, దాని గట్టిదనం మారదు. 58 కిలోల మనిషి ఎక్కితే 100 మి.మీ. దిగగల ఫోర్కు సగం దిగడమే గగనం. టిప్పర్లు తిరిగి చెక్కేసిన చీమకుర్తి క్వారీ దారుల్లో అరచేతులు తిమ్మిరెక్కడం తప్ప ఆ షాకప్‌తో ఒరిగిందేమీ లేదు. ఎయిర్ ఫోర్కు అదే దారిలో గతుక్కి గతుకు మింగుతూ పోతుంది.

అయితే ఫోర్కు కాలి మీద అంటించిన పట్టిక చూసి గాలి కొట్టి ఊరుకుంటే సగం పనే. ఆ పట్టికలు చాలావరకు కాస్త గట్టిగానే ఉంటాయి. సైకిల్‌ను గోడకు ఆనించి, బూట్లు, నీళ్ల సీసా, సంచితో సహా ఎక్కి, తొక్కే భంగిమలో నిలబడాలి. పై గొట్టం మీదున్న రబ్బరు రింగును సీలుకు ఆనేదాకా జరిపి, ఊపు లేకుండా దిగి కొలవాలి. రింగు లేకపోతే ఒక జిప్ టై వదులుగా కట్టినా చాలు. 100 మి.మీ. ఫోర్కులో 20 మి.మీ. దిగితే సరి. 15 లోపుంటే గాలి ఎక్కువ, 25 దాటితే తక్కువ. మార్పు ఒక్కోసారి 5 పీఎస్ఐ మించకూడదు. ప్రతి మార్పు తర్వాత ఫోర్కును ఐదారుసార్లు బాగా నొక్కి వదలాలి. ఫోర్కు లోపలి పైగదికీ కిందిగదికీ గాలి సర్దుకునేది ఆ నొక్కుడులోనే. దీనికి షాక్ పంపు (ఇలాంటి ఫోర్కుల కోసమే చేసిన చేతి పంపు) ఉండి తీరాలి. లోపలి గాలిగది చిన్నది గనక టైరు పంపుతో లెక్క చిక్కదు, పెట్రోలు బంకు కంప్రెసర్ జోలికైతే పోనే కూడదు. ఇంకో సంగతి: పంపు తగిలించగానే దాని గొట్టం నిండటానికి కొంత గాలి పోతుంది, ముల్లు నిన్నటికంటే తక్కువ చూపిస్తుంది. అది లీకు కాదు.

గాలి ఒకసారి కుదిరితే మళ్లీ ముట్టుకోనక్కర్లేదని కొత్తలో అందరికీ చెప్పిన మాటే. మే నెల వచ్చాక ఆ మాట కొంచెం సవరించుకోవాలి. తెల్లవారుజామున 25 డిగ్రీల దగ్గర 80 పీఎస్ఐ కొట్టిన ఫోర్కు మధ్యాహ్నం ఎండలో 45 డిగ్రీలకు కాగితే, లోపల దాదాపు 86 ఉంటుంది. తేలికపాటి మనిషికి ఆ 6 తేడా చేతుల్లో తెలుస్తుంది. నూనె కూడా పలచబడి ఫోర్కు పైకి లేచే వేగం పెరుగుతుంది. ఫోర్కు కుడికాలి కింద ఉన్న రీబౌండ్ (పైకి లేచే వేగం) మరను తాబేలు బొమ్మ వైపు ఒక్క క్లిక్ తిప్పితే ఆ రెండోది సర్దుకుంటుంది.

బిగింపులో అన్నీ కొలతలే. పాత ఫ్రేముకు పైనుంచి కింది దాకా ఒకే మందం ఉన్న 28.6 మి.మీ. స్టీరర్ (ఫోర్కు పైన ఫ్రేములోకి దూరే గొట్టం) కావాలి. కింద లావెక్కే టేపర్డ్ రకం దూరదు. ముందు చక్రం హబ్ (మధ్య బొడ్డు) 9 మి.మీ. క్విక్ రిలీజ్ (మీటతో బిగించే రకం) అయితే ఫోర్కూ అదే రకం తీసుకోవాలి. 15 మి.మీ. ఇరుసున్నది కొంటే హబ్ ఖర్చు అదనం. కొత్త ఫోర్కుల్లో చాలావాటికి చక్రం అంచును పట్టే వి బ్రేకుల కొమ్ములు ఉండవు, డిస్కు బ్రేకే గతి. ట్రావెల్ (ఫోర్కు దిగే దూరం) పాతదానికి సమానంగా ఉంటే మేలు. ఫోర్కు 20 మి.మీ. పొడుగైతే ముందుభాగం లేచి తల కోణం (ఫ్రేము ముందు గొట్టం వాలు) సుమారు ఒక డిగ్రీ వాలుతుంది, ఎక్కుడులో ముందు చక్రం తేలిపోతుంది.

స్టీరర్ కోసే ముందు స్పేసర్లన్నీ (ఎత్తు కోసం వేసే రింగులు) వేసి కొన్నాళ్లు తొక్కి ఎత్తు తేల్చుకోవాలి. కోశాక దాని అంచు స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టే ముక్క) పై అంచుకు 3 మి.మీ. లోపల ఉండాలి, లేకపోతే పైమూత ఎంత బిగించినా హెడ్‌సెట్ (స్టీరర్ తిరిగే బేరింగులు) కదులుతూనే ఉంటుంది. కోత వంకర పోకుండా రెండు హోస్ క్లిప్పులు బిగించి వాటి మధ్య హాక్సా నడిపితే సరిపోతుంది. స్టార్ నట్ (పైమూత బోల్టు పట్టే నట్టు) స్టీరర్లో 15 మి.మీ. లోతుకు నిటారుగా దిగాలి. అందరూ తడబడేది క్రౌన్ రేసు (స్టీరర్ అడుగున బిగిసి కూర్చునే బేరింగు రింగు) దగ్గరే. పాత ఫోర్కు మీద నుంచి దాన్ని చుట్టూ కొద్దికొద్దిగా లేపి తీయాలి. కొత్తదాని మీద దించడానికి స్టీరర్ మీద దూరి రేసు మీద ఆనే పీవీసీ పైపు ముక్క చాలు, డ్రిప్ సామాను అమ్మే కొట్లో వెతికితే దొరుకుతుంది. ఫోర్కు నేలకు తగలకుండా చేత్తో పట్టుకుని పైపు మీద సుత్తి వేయాలి. శబ్దం బోలుగా ఉన్నది గట్టిగా మారితే రేసు కూర్చున్నట్టు.

ఇక తెగ విసిగించిన సంగతి. ఫోర్కు ఉన్నట్టుండి కుంగిపోయింది. ఎవరూ ఎక్కకుండానే పై గొట్టం 100కు బదులు 75 మి.మీ. దాకానే కనిపిస్తోంది. చెయ్యి వేసి లాగితే కొద్దిగా లేచి మళ్లీ దిగిపోతుంది. బయట ఎక్కడా నూనె జాడ లేదు. షాపులో చెప్పిన మందు ‘ఇంకాస్త గాలి కొట్టు’. కొడితే ఫోర్కు రాయిలా బిగుసుకుంది గానీ ఆ 25 మి.మీ. తిరిగి రాలేదు. ఎందుకంటే తప్పిపోయిన గాలి బయటికి పోలేదు. ఎయిర్ ఫోర్కులో పిస్టన్‌కు పైన ఒక గది, కింద ఇంకోటి ఉంటాయి. పైగది మనిషిని మోస్తే, కిందిగది తొలి కదలికను మెత్తబరుస్తుంది. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు అరిగినా, దాని గ్రీజు ఎండినా పైగాలి కిందికి జారి ఫోర్కును లోపలికి గుంజుతుంది.

ముందు చేయాల్సింది ఖర్చులేని పరీక్ష. చక్రాన్ని పాదాలతో అదిమిపెట్టి, హ్యాండిల్ పైకి లాగుతూ, వాల్వు పిన్ను నొక్కి గాలిని మెల్లగా వదలాలి. గభాల్న వదిలితే కిందిగదిలో గాలి ఉండిపోయి మరింత కుంగుతుంది. మొత్తం పోయాక 20 పీఎస్ఐ చొప్పున కొడుతూ మధ్యలో ఐదారుసార్లు నొక్కాలి. ఎత్తు తిరిగొచ్చి నిలబడితే గాలి సర్దుకోకపోవడమే కారణం. కొద్దిరోజుల్లో మళ్లీ కుంగితే పిస్టన్ సీలు పోయినట్టే. ఇక్కడ రెండోదే తేలింది. సీలు కిట్టు ఒంగోల్లోనూ దొరకలేదు, నెల్లూరులోనూ దొరకలేదు. ఆన్‌లైన్‌లో తెప్పించాల్సి వచ్చింది, అదీ మోడల్ పేరు, సంవత్సరం, ట్రావెల్ మూడూ సరిచూసుకుని. సీలు వేలెడంత ఉండదు, అది వచ్చేదాకా సైకిల్ మూలన పడి ఉంది. కోపం ఫోర్కు మీద కన్నా ఆ ఎదురుచూపు మీదే ఎక్కువ.

ఫోర్కు కింది కాళ్లు విప్పే సర్వీసు కాగితాల్లో 50 గంటలకోసారి అని ఉంటుంది. క్వారీ రాతిపొడిలో తిరిగే సైకిల్‌కు అంత ఆగకపోవడమే నయం. గాలి తీసి, కింది బోల్టులు మూడు చుట్లు వదులు చేసి, రబ్బరు సుత్తితో తట్టి, బోల్టులు పూర్తిగా తీసి, కాళ్లు లాగితే పాత నూనె బయటికొస్తుంది. బూడిదరంగులో వస్తే ఆలస్యమైనట్టు. సీలు కింద స్పాంజి రింగులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఆరాక సస్పెన్షన్ నూనెలో నానబెట్టి ఎక్కించాలి. లూనా, స్కూటర్లకు పూసే గ్రీజు, పెట్రోలు కడుగుడు ఇక్కడ వద్దు. నూనె కొలత ఆ ఫోర్కు కాగితంలో ఉన్నంతే పోయాలి.

కొత్తపట్నం వైపు సరుగుడు తోటల ఇసుకబాట, రొయ్యల గుంటల కట్టలు తిరిగొచ్చిన రోజున మంచినీళ్లతో, ఒత్తిడి లేకుండా కడగాలి. స్ప్రింగు ఫోర్కు ఇనప గొట్టాల మీది క్రోమ్ ఆ గాలికి చుక్కలు చుక్కలుగా తుప్పు పట్టి సీళ్లను కోసేసింది. అల్యూమినియం గొట్టాలకు ఆ బెడద లేదు. కానీ మెగ్నీషియం కాళ్లలో దిగిన స్టీలు బోల్టులు ఉప్పుకు పట్టేస్తాయి. బిగించేటప్పుడే మరలకు గ్రీజు రాయాలి.

తేలిక మనిషి, రాళ్ల దారి, పానా పట్టుకునే ఓపిక ఉన్నవారికి ఈ మార్పు పెట్టిన డబ్బుకు తగినదే. బరువు 80 దాటినవారికి స్ప్రింగు ఫోర్కుతో ఇంత తేడా కనిపించకపోవచ్చు. తిరిగేది జాతీయ రహదారి మీదే అయితే ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించుకుని, మిగిలింది దాచుకోవచ్చు. ఫోర్కే కొనేటట్టయితే పిస్టన్ సీలు, దుమ్ము సీలు కిట్లు రెండూ అదే ఆర్డరులో వేయండి, మోడల్ ఆగిపోయాక వాటికోసం వెతకడం చాలా కష్టం.