గన్ థర్మామీటర్: పొద్దుటి లైనుకు సరే, రాత్రి చలిజ్వరానికి కాదు

నేను ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌ని. వానలు మొదలైతే మా దగ్గర ఎవరో ఒకరు జ్వరంతో పడుకునే ఉంటారు. అందుకని బడులు తెరిచే ముందు 1,200 రూపాయలు పెట్టి, నుదుటి దగ్గర పట్టి మీట నొక్కే గన్ థర్మామీటర్ కొన్నాం. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పేది ఈ రకం వాటన్నిటికీ వర్తిస్తుంది.

పొద్దున ప్రార్థన ముందు పిల్లల్ని వరసగా నిలబెట్టి చూడాలంటే ఇది హాయి. సెకనులో నంబరు వస్తుంది. ఒకరి నోట్లో పెట్టింది కడిగి ఇంకొకరికి పెట్టే పని లేదు. కాకపోతే ఎండలోంచి వచ్చిన పిల్లకు వెంటనే పెట్టకూడదు, నుదుటి చెమట తుడవాలి. పక్కనున్న మోడ్ మీట పొరపాటున నొక్కుకుంటే ఒంటి వేడి బదులు గోడల వేడి కొలిచే పద్ధతిలోకి పోయి 94 చూపిస్తుంది. చూసుకోకపోతే అనవసరపు టెన్షన్.

దీని అసలు లోపం ఆగస్టులో బయటపడింది. రాత్రి భోజనాలయ్యాక ఏడో తరగతి పిల్ల "మేడమ్, చలి" అంటూ వచ్చింది. రెండు రగ్గులు కప్పినా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి, చేతులు ఐసు ముక్కలు. గన్ చూపించింది 97.9. నాకు నమ్మకం కుదరలేదు. వణుకు కాస్త తగ్గాక 150 రూపాయల మామూలు డిజిటల్ థర్మామీటర్ నాలుక కింద పెట్టాను. 102.4! తర్వాత చలి పోయి ఒళ్లు కాలుతున్నప్పుడు మాత్రం గన్ కూడా 102 దాటి చూపించింది.

మర్నాడు పీహెచ్‌సీ డాక్టరు గారిని అడిగితే గన్ చెడిపోలేదన్నారు. ఒంటి వేడి ఎంత ఉండాలో మెదడులోని హైపోథలామస్ చూసుకుంటుందట. క్రిములు చొరబడినప్పుడు మన రక్షణ కణాలు వదిలే రసాయనాల వల్ల అక్కడ ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే ఇంకో రసాయనం తయారవుతుంది. దాంతో, గీజర్లో డిగ్రీలు పెంచినట్టు, ఆ లెక్క 98 నుంచి 102కో 103కో జరుగుతుంది. ఒళ్లు ఇంకా అంత వేడెక్కలేదు కాబట్టి మెదడుకు అది చల్లగా ఉన్నట్టే. అందుకే జ్వరం ఎక్కుతుంటే చలి. ఉన్న వేడి బయటికి పోకుండా చర్మంలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, కండరాలు గబగబా బిగిసి వదులుతూ కొత్త వేడి పుట్టిస్తాయి. మనం వణుకు అనేది దాన్నే. రక్తం లోపలికి తగ్గిన ఆ నుదుటినే కదా గన్ కొలిచేది! లోపల జ్వరం ఎక్కుతుంటే పైన చల్లటి నంబరు చూపిస్తుంది. అంటే మనకు అత్యవసరమైన గంటలోనే దీన్ని నమ్మలేం.

ఈ వేడి ఊరికే కాదని కూడా ఆయన చెప్పారు. చాలా క్రిములు ఆ వేడిలో అంత బాగా పెరగలేవు, మన కణాలు మాత్రం చురుకవుతాయి. పారాసిటమాల్ ఆ ప్రోస్టాగ్లాండిన్ తయారీని తగ్గిస్తే లెక్క కిందికి దిగుతుంది, అప్పుడు చెమట పట్టి ఒళ్లు చల్లబడుతుంది. వణుకుతున్న పిల్లకు చల్లటి గుడ్డ వేస్తే వణుకు ఇంకా పెరుగుతుంది. మా ఆయమ్మకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో.

ఇంకో లోటు. మెమరీలో 32 రీడింగులు ఉంటాయి కానీ ఎవరిదో, ఎప్పటిదో తెలీదు. చలిజ్వరానికి టైమే ముఖ్యం. మలేరియా పరాన్నజీవులు ఎర్ర రక్తకణాలను పగలగొట్టుకుని బయటికి వచ్చినప్పుడల్లా చలి పుడుతుంది, వైవాక్స్ రకంలో అది రోజు విడిచి రోజు. మొదటి రోజుల్లో ఈ వరస కుదరకపోవచ్చు కాబట్టి రక్తపరీక్షకు ఆగకూడదు. దోమ కడుపులో ఆ పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసింది మన సికింద్రాబాద్‌లోనే. మా పిల్లలకు ఆ తేదీ నోటికొచ్చు, దోమతెర దించుకోవడమే గుర్తుండదు. నేను మాత్రం పేరు, టైము, నంబరు రిజిస్టర్లో రాస్తున్నాను.

నా మార్కులు 5కి 3. పిల్లలు ఎక్కువమంది ఉన్నచోట కొనండి. ఇంట్లో ఒకటే కొనాలంటే మామూలు డిజిటల్‌ది చాలు. వణికే పిల్ల నోట్లో గాజుది మాత్రం పెట్టకండి, కొరికితే విరుగుతుంది, లోపల పాదరసం. చంకలో పెడితే నోట్లో కంటే కొంచెం తక్కువే చూపిస్తుంది, అది లెక్కలో ఉంచుకోండి. డిజిటల్‌దాని గుండీ బ్యాటరీ ఒకటి అదనంగా కొనిపెట్టుకోండి, మా ఊళ్లో రాత్రి ఎనిమిది దాటితే దొరకదు.